ఫోటోలున్నాయి, పద్దుల పుస్తకమే పాడైంది

ఫోటోలు ఏరి, ఎడిట్ చేసుకునే అడోబీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ తెరిచారు. ఫోటోలు వరసగా కనిపించాల్సిన చోట ఒక చిన్న హెచ్చరిక వచ్చి కూర్చుంది. కేటలాగ్ కరప్ట్ అయిందట, రిపేర్ చేసేదాకా వాడటం కుదరదట, బ్యాకప్ తీయడం కూడా కుదరదట. ఏళ్ల తరబడి ఏరి, రంగులు సరిచేసి, రేటింగులిచ్చి పెట్టుకున్న పనంతా ఒక్క ఫైల్లో ఉంది, ఆ ఫైలేమో తెరుచుకోవట్లేదు. గుండె జారిపోతుంది. ఆ టెన్షన్‌లో కనిపించిన బటనల్లా నొక్కేస్తాం, అనుమానంగా కనిపించిన ఫైలల్లా తీసేస్తాం. కేటలాగులకు నిజంగా తేరుకోలేని దెబ్బ తగిలేది చాలాసార్లు ఆ మొదటి పది నిమిషాల్లోనే. నేనూ ఆ తప్పు చేశాను, అది తర్వాత చెబుతాను. ముందు ఆ ఫైల్లో ఏముంటుందో చూద్దాం.

కేటలాగ్‌లో ఫోటోలు ఉండవు. ఫోటోల గురించిన పద్దులుంటాయి. మీ రా ఫైళ్లు, అంటే కెమెరా సెన్సార్ పట్టిన అసలు ఫోటో ఫైళ్లు, మీరు పెట్టిన ఫోల్డర్లలోనే, కెమెరా రాసినవి రాసినట్టే ఉంటాయి. ఎడిటింగ్ జరిగే డెవలప్ ప్యానెల్‌లో మీరు ఎన్ని స్లైడర్లు జరిపినా రా ఫైల్లోని బొమ్మలో ఒక్క పిక్సెల్ మారదు. ఏ స్లైడర్‌ను ఎంత జరిపారన్నది మాత్రం కేటలాగ్‌లో నమోదవుతుంది. అందుకే కేటలాగ్ పాడైతే పోయేది ఫోటోలు కాదు, ఫోటోల మీద మీరు పెట్టిన శ్రమ. ఈ తేడా తలలో స్పష్టంగా ఉంటే సగం కంగారు తగ్గుతుంది.

ఒక్క ఫోటో పద్దును దగ్గర నుంచి చూడండి. దాని చిరునామాను కేటలాగ్ మూడు ముక్కలుగా రాసుకుంటుంది: మూల ఫోల్డర్ ఏది, దాని లోపల ఏ ఫోల్డర్, ఫైలు పేరేంటి. ఎడిటింగ్ వివరాలు ఇంకో పట్టికలో మామూలు అక్షరాల్లో ఉంటాయి: ఎక్స్‌పోజర్ 0.35, షాడోస్ 28, వైట్ బ్యాలెన్స్ ఇంత, క్రాప్ గీతలు ఇక్కడ. ఆ ఫోటో మీద మీరు చేసిన ఒక్కో మార్పూ ఒక్కో అడుగుగా హిస్టరీ పట్టికలో చేరుతుంది. కలెక్షన్లు, కీవర్డ్‌లు, నక్షత్రాలు, వర్చువల్ కాపీలు (ఫైలు నకలు తీయకుండానే అదే ఫోటోకు ఇంకో రకం ఎడిట్), అన్నీ ఇలాంటి పట్టికలే. రా ఫైలు 30 మెగాబైట్లుంటే దాని పద్దు మామూలుగా కొన్ని పదుల కిలోబైట్లకు మించదు. అందుకే వేల ఫోటోల కేటలాగ్ కూడా ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. బ్యాకప్ తీసుకోకపోవడానికి చోటు చాలలేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

ఈ పట్టికలన్నిటినీ మోసే ఆ ఒక్క ఫైలు నిజానికి ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. రిచర్డ్ హిప్ 2000లో తయారుచేసిన ఈ చిన్న డేటాబేస్ ఇంజిన్ ఇప్పుడు దాదాపు ప్రతి ఫోన్‌లో, ప్రతి బ్రౌజర్‌లో ఉంది. 2007లో లైట్‌రూమ్ మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ కేటలాగ్‌కు ఆధారం ఇదే. క్యాప్చర్ వన్, డార్క్‌టేబుల్, డిజీక్యామ్ లాంటి మిగతా ఫోటో సాఫ్ట్‌వేర్లు కూడా మామూలుగా దీన్నే వాడతాయి. మనకు ఇది మంచి వార్త. కేటలాగ్ ఏదో ఒక కంపెనీ రహస్య లిపిలో లేదు, లోకానికంతా తెలిసిన పద్ధతిలో ఉంది. సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసినా బయటి పనిముట్లతో లోపలికి తొంగిచూసే దారి ఉంటుంది.

చిట్టా, ఆవర్జా

మరి అంత పేరున్న డేటాబేస్ ఎందుకు పాడవుతుంది? అది రాసే తీరు తెలిస్తే కారణాలు వాటంతటవే అర్థమవుతాయి.

పాతకాలపు లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. రోజంతా జరిగినవి జరిగినట్టు చిట్టాలో గబగబా రాసేవాళ్లు. తర్వాత తీరిగ్గా వాటిని ఆవర్జాలో ఏ ఖాతా కింద వేయాల్సింది ఆ ఖాతా కింద వేసేవాళ్లు. ఎస్‌క్యూలైట్ 2010 నుంచి ఇస్తున్న వాల్ (రైట్ అహెడ్ లాగ్, అంటే ముందుగా రాసే చిట్టా) పద్ధతి అచ్చంగా ఇదే. మీరు స్లైడర్ జరిపితే ఆ మార్పు నేరుగా అసలు కేటలాగ్‌లోకి వెళ్లదు. పక్కనే ఉన్న, కేటలాగ్ పేరు చివర వాల్ అని ఉండే ఫైల్లోకి ముందు వెళ్తుంది. కొంత పోగయ్యాక, లేదా ప్రోగ్రామ్ మూసేటప్పుడు, అక్కడి నుంచి అసలు ఫైల్లోకి చేరుతుంది. పాత వెర్షన్లలో దీనికి బదులు జర్నల్ అనే ఫైలుండేది. దాని పని తిరగేసినట్టుంటుంది: ఒక పేజీని మార్చే ముందు పాత పేజీ నకలు జర్నల్‌లో దాచి, మధ్యలో ఏదైనా తేడా వస్తే ఆ నకలుతో వెనక్కి వెళ్తుంది.

ఏ పద్ధతైనా సూత్రం ఒక్కటే. పని మధ్యలో కరెంటు పోయినప్పుడు కేటలాగ్ ఒక్కటే పూర్తి కథ చెప్పదు. దాని పక్కనున్న ఫైలు కూడా కలిస్తేనే కథ పూర్తి. మళ్లీ తెరిచినప్పుడు ఎస్‌క్యూలైట్ ఆ రెండిటినీ పోల్చి, మిగిలిపోయిన పద్దులు వేసుకుని, తనంతట తానే సర్దుకుంటుంది. కరెంటు పోయిన ప్రతిసారీ మన కేటలాగులు పాడవకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు నా ఘనకార్యం. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో కేటలాగ్ పెట్టుకుని ఒక సాయంత్రం మూడొందల పైచిలుకు ఫోటోలు ఏరి, ఎడిట్ చేశాను. ల్యాప్‌టాప్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. విసుగొచ్చి పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను, కేబుల్ పీకేశాను. మళ్లీ తగిలిస్తే కేటలాగ్ వేరేచోట తెరిచి ఉందని మెసేజ్. ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే కేటలాగ్ పక్కన ఎన్నడూ గమనించని మూడు ఫైళ్లు. లాక్ ఫైలు తీసేస్తే సరిపోతుందని ఎక్కడో విన్నాను. ఒకటి తీసేసే బదులు మూడూ తీసేశాను. కేటలాగ్ తెరుచుకుంది, హమ్మయ్య అనుకున్నాను. ఆ సాయంత్రం పని మాత్రం అందులో లేదు. చిట్టాను నేనే చించేసి, ఆవర్జాలో పద్దులేవని వెతుక్కుంటున్నాను. ఒక రకంగా అదృష్టవంతుణ్ణే. చిట్టాలోని పద్దులు సగం అసలు పుస్తకంలోకి ఎక్కి ఉన్న క్షణంలో ఆ పని చేసి ఉంటే, సాయంత్రంతో పాటు కేటలాగ్ మొత్తం పోయేది.

కాబట్టి లాక్ అని ఉన్న ఫైలును, ప్రోగ్రామ్ ఎక్కడా నడవట్లేదని ఖాయం చేసుకున్నాక, తీసేయొచ్చు. అది తలుపు మీద వేలాడదీసిన 'లోపల మనుషులున్నారు' అనే బోర్డు లాంటిదే. వాల్, జర్నల్ అని ఉన్న వాటిని మాత్రం ముట్టుకోవద్దు. 2021లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి లైట్‌రూమ్ క్లాసిక్‌లో కేటలాగ్ పేరుతోనే డేటా అని ఇంకో ఫైలు కూడా ఉంటుంది. మాస్కుల, అంటే ఫోటోలో ఒక భాగాన్ని మాత్రమే మార్చడానికి చేసుకున్న ఎంపికల, సమాచారం దానిలోకి వెళ్తుంది కాబట్టి అదీ కేటలాగ్‌లో భాగమే. ఫోటోలను త్వరగా చూపించడానికి ప్రోగ్రామ్ చేసుకునే నమూనా బొమ్మలు, అంటే ప్రివ్యూలు, ఉండే ఫోల్డర్ ఒక్కటే పోయినా ఫర్వాలేదు. ఫోటోలు అందుబాటులో ఉన్నంతకాలం ప్రివ్యూలు మళ్లీ తయారవుతాయి, కాస్త టైమ్ పడుతుందంతే.

మిగతా కారణాలు ఈ వెలుగులో సులువుగా కనిపిస్తాయి. క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లో కేటలాగ్ పెడితే, మీరు పని చేస్తుండగానే సింక్ సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫైలును ఒక్కో క్షణంలో కాపీ చేస్తుంది. రెండో కంప్యూటర్‌లో దిగేది నిన్నటి చిట్టా, ఇవాళ్టి ఆవర్జా కావచ్చు. ఒకదానికొకటి చెందని ఆ జత విడివిడిగా పాడైన ఫైళ్ల కన్నా ప్రమాదం. నెట్‌వర్క్ డ్రైవ్‌ల మీద ఫైల్ లాకింగ్‌ను నమ్మలేం కాబట్టి లైట్‌రూమ్ క్లాసిక్ అక్కడ కేటలాగ్ తెరవడానికే ఒప్పుకోదు. ఫోటోలు మాత్రం నెట్‌వర్క్‌లో నిక్షేపంగా పెట్టుకోవచ్చు. డిస్క్ నిండిపోవడం, డిస్క్ చివరి రోజుల్లో ఉండటం, చెడిన ర్యామ్, వదులైన కేబుల్ మిగతా దోషులు. ఒకే కేటలాగ్ కారణం లేకుండా రెండోసారి పాడైతే సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోవడం ఆపి డిస్క్ ఆరోగ్యం చూడండి.

నిజంగా పాడైందా?

'కేటలాగ్ పోయింది' అని వచ్చే మొరల్లో చాలావాటికి కేటలాగ్‌తో సంబంధమే ఉండదు. ఎవరో ఫోటోల ఫోల్డర్‌ను ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనో ఫైండర్‌లోనో ఇంకో చోటికి జరిపారు. కేటలాగ్‌లో పాత చిరునామా అలాగే ఉంది, అక్కడికెళ్తే ఇల్లు ఖాళీ. ఫోల్డర్ మీద ప్రశ్నార్థకం, ఫోటో మీద ఆశ్చర్యార్థకం కనిపిస్తాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్'తో కొత్త చోటు చూపిస్తే ఎడిట్లన్నీ తిరిగొస్తాయి. దానికి బదులు చాలామంది ఆ ఫోటోలన్నీ మళ్లీ ఇంపోర్ట్ చేస్తారు. అప్పుడు ఎడిట్ లేని కొత్త పద్దులు పుడతాయి, ఎడిట్ ఉన్న పాత పద్దులు అనాథలుగా మిగులుతాయి. ఇక అసలు సమస్యకు పైన ఇంకో సమస్య. ఇంకొందరు పొరపాటున వేరే కేటలాగ్, తరచూ ఖాళీది, తెరిచి చూసి గుండెలు బాదుకుంటారు. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు విండోస్‌లో కంట్రోల్, మ్యాక్‌లో ఆప్షన్ నొక్కి పట్టుకుంటే ఏ కేటలాగ్ తెరవాలో అడుగుతుంది. అక్కడ సరైనది ఎంచుకుంటే అయిపోతుంది.

అదే కిటికీలో కొత్త ఖాళీ కేటలాగ్ ఒకటి తయారుచేసి తెరవడం మంచి పరీక్ష. ఖాళీది కూడా తెరుచుకోకపోయినా, మూసుకుపోతున్నా తప్పు కేటలాగ్‌ది కాదు. ప్రిఫరెన్స్ ఫైలో, గ్రాఫిక్స్ డ్రైవరో, ఇన్‌స్టలేషనో అనుమానించండి. ప్రివ్యూ కాష్ చదవలేకపోతున్నానని మెసేజ్ వస్తే ప్రివ్యూల ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ తెరవండి, కొత్తది కట్టుకుంటుంది. ఖాళీది బాగానే తెరుచుకుని, మీది మాత్రం తెరుచుకోకపోతేనే అసలు కథ మొదలు.

ముందు కాపీ, తర్వాత మిగతావన్నీ

ప్రోగ్రామ్ మూసేయండి. కేటలాగ్ ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని, ఆ వింత ఫైళ్లతో సహా, ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. ప్రివ్యూలు పెద్దగా ఉంటే వదిలేయొచ్చు, మిగతావి వదలొద్దు. ఇక మీ ప్రయోగాలన్నీ ఆ కాపీల మీదే. అసలు దాన్ని పాడైన స్థితిలోనే భద్రంగా ఉంచండి. రిపేర్ అనేది కూడా రాయడమే, రాసినది తప్పైతే వెనక్కి రాదు. కాపీ చేసేటప్పుడే డిస్క్ ఎర్రర్ వచ్చిందంటే మీ శత్రువు ఎవరో తెలిసిపోయింది: డిస్క్. అప్పుడు దాని మీద ఇంకేం రాయకుండా ముందు ఉన్న డేటా బయటికి లాగడమే పని.

కాపీ సైజు ఒకసారి చూడండి. సున్నా బైట్లుంటే ఆ ఫైల్లో వెతకడానికి ఏమీ లేదు, నేరుగా బ్యాకప్‌ల వైపు వెళ్లండి. సైజు మామూలుగానే ఉంటే, కాపీని తెరిచి ప్రోగ్రామ్ చూపించే రిపేర్ బటన్‌కు ఒక అవకాశమివ్వండి. చిన్న దెబ్బలను అది బాగానే సరిచేస్తుంది. 'రిపేర్ అయింది' అన్న మాటను మాత్రం వెంటనే నమ్మొద్దు. మొత్తం ఫోటోల సంఖ్య మీకు గుర్తున్న దానికి దగ్గరగా ఉందా, చివరి రోజు ఎడిట్లున్నాయా, కలెక్షన్లు తెరుచుకుంటున్నాయా, పాత ఫోల్డర్లలో అక్కడక్కడా పది ఫోటోలు డెవలప్‌లో తెరిస్తే హిస్టరీ కనిపిస్తోందా చూడండి.

రిపేర్ కుదరకపోతే గంటలు గంటలు దానితో కుస్తీ పట్టే ముందు బ్యాకప్ ఉందేమో చూడటం తెలివైన పని. లైట్‌రూమ్ క్లాసిక్ మూసేటప్పుడు అడిగే బ్యాకప్‌కు మీరు ఎప్పుడైనా సరేనని ఉంటే, కేటలాగ్ ఫోల్డర్‌లోనే బ్యాకప్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దానిలో తేదీ, సమయం పేరుగా ఉన్న ఫోల్డర్లు, వాటిలో జిప్ ఫైళ్లు. ఇక్కడ చాలామంది తడబడే మలుపొకటుంది. జిప్ విప్పి, పాత కేటలాగ్‌ను పాడైనదాని స్థానంలో పెడతారు. పాడైనదాని వాల్ ఫైలు మాత్రం పక్కనే మిగిలిపోతుంది. ఎస్‌క్యూలైట్‌కు అది ఎవరి చిట్టానో తెలియదు, పేరు సరిపోతే చాలు. ఆదివారం నాటి పుస్తకంలోకి గురువారం నాటి పద్దులు ఎక్కించడానికి చూసి, బాగున్న బ్యాకప్‌ను కూడా పాడుచేయగలదు. అందుకే జిప్‌ను ఎప్పుడూ కొత్త ఖాళీ ఫోల్డర్‌లో విప్పండి. డేటా ఫైలు కూడా అదే జిప్ నుంచి రావాలి, ఇక్కడిదొకటి అక్కడిదొకటి కలపొద్దు. తాజా బ్యాకప్ కూడా తెరుచుకోకపోతే దానికి ముందుది, అదీ కాకపోతే ఇంకా ముందుది చూడండి.

ఇంకో మూల కూడా వెతకండి. లైట్‌రూమ్ క్లాసిక్ పెద్ద వెర్షన్ మారినప్పుడు పాత కేటలాగ్‌ను అలాగే ఉంచి, మార్చినదాన్ని వేరే ఫైలుగా పెడుతుంది. అప్‌గ్రేడ్ అయిన రోజు వరకు మీ పనంతా ఆ పాత ఫైల్లో ఉంటుంది. మనం కావాలని తీసుకోని బ్యాకప్ అది.

మధ్యలో పోయిన రోజులు

బ్యాకప్ ఆదివారానిది, కేటలాగ్ పాడైంది గురువారం. మధ్యలో చేసిన పని సంగతేంటి? ఇక్కడే ఎక్స్‌ఎంపీ, అంటే ఫోటో వివరాలను కేటలాగ్ బయట రాసిపెట్టే పద్ధతి, అక్కరకొస్తుంది. కేటలాగ్ సెట్టింగ్స్‌లో మార్పులను ఎక్స్‌ఎంపీలోకి వాటంతటవే రాసే ఆప్షన్ ఒకటుంది. మామూలుగా అది ఆపి ఉంటుంది. ఆన్ చేసి ఉంటే ప్రతి రా ఫైలు పక్కనా అదే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఎక్స్‌పోజర్, క్రాప్, కీవర్డ్‌లు, నక్షత్రాలు అన్నీ అందులోనూ నమోదవుతుంటాయి. జేపెగ్, టిఫ్, డీఎన్‌జీ (అడోబీ రూపొందించిన రా ఫార్మాట్) అయితే ఆ ఫైళ్ల లోపలే రాస్తుంది.

బ్యాకప్ కేటలాగ్ తెరిచి, ఆ నాలుగు రోజుల్లో ఎడిట్ చేసిన ఫోల్డర్లను మాత్రమే ఎంచుకుని 'రీడ్ మెటాడేటా ఫ్రమ్ ఫైల్' ఇవ్వండి. మాత్రమే అని ఎందుకంటే, ఈ కమాండ్ కేటలాగ్‌లో ఉన్నదాన్ని తీసేసి ఫైల్లో ఉన్నది పెడుతుంది. మొత్తం లైబ్రరీ మీద వదిలితే, ఎక్స్‌ఎంపీ పాతదైన ఫోటోల మీద మంచి ఎడిట్లు కూడా చెరిగిపోతాయి. ఆ రోజుల్లో కొత్తగా చేర్చిన ఫోటోలుంటే 'సింక్రనైజ్ ఫోల్డర్' వాటిని పట్టుకుంటుంది. అక్కడే కనిపించని ఫోటోలను కేటలాగ్ నుంచి తీసేసే టిక్ ఒకటుంది, అది ఎత్తేయండి. ఎక్స్‌ఎంపీకి ఎక్కనివీ ఉన్నాయి. వర్చువల్ కాపీలు, కలెక్షన్లు, డెవలప్ హిస్టరీలోని అడుగులు అందులో ఉండవు. చివరి రూపం దక్కుతుంది, అక్కడిదాకా నడిచిన దారి దక్కదు.

ఎక్స్‌ఎంపీ కూడా లేదనుకోండి. ఆ రోజుల్లో ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్‌లు ఎవరికైనా పంపారా? మెటాడేటా తీసేయకుండా ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్ లోపల ఆ ఫోటోకు వాడిన డెవలప్ విలువలు రాసి ఉంటాయి. ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూస్తే స్లైడర్ల అంకెలన్నీ కనిపిస్తాయి. వందల ఫోటోలకు ఇది కష్టమే. ముఖ్యమైన పదిహేను ఫోటోల కోసమైతే చేయొచ్చు.

బ్యాకప్పే లేనప్పుడు

ఇప్పుడు పాడైన ఫైలుతోనే నెట్టుకురావాలి. మొదటి దారి సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కొత్త ఖాళీ కేటలాగ్ తెరిచి, 'ఇంపోర్ట్ ఫ్రమ్ అనదర్ కేటలాగ్' ద్వారా పాడైనదాని కాపీని చూపించండి. నేరుగా తెరుచుకోనిది కూడా ఈ దారిలో కొన్నిసార్లు పలుకుతుంది. కేటలాగ్ తెరుచుకుంటోంది గానీ ఏదో ఒక ఫోల్డర్ దగ్గర మూసుకుపోతోందంటే, బాగున్న ఫోల్డర్లను 'ఎక్స్‌పోర్ట్ యాజ్ కేటలాగ్' చేసి బయటికి తెచ్చుకోండి. మిగిలిన దాన్ని సగానికి సగం చేసుకుంటూ వెళ్లండి. 8,000 ఫోటోల్లో దోషి ఏదో తెలియాలంటే 4,000, 2,000, 1,000 అంటూ పదమూడు అడుగుల్లో ఒక్క ఫోటో దగ్గరికి చేరొచ్చు. విసుగు పుట్టే పనే, కానీ పని చేస్తుంది.

రెండో దారికి కమాండ్ లైన్ అంటే భయం లేకపోవాలి. ఎస్‌క్యూలైట్ ఫైలు పేజీలుగా ఉంటుంది. ఒక్కో పేజీ 512 నుంచి 65,536 బైట్ల దాకా ఉండొచ్చు. ఆ పేజీలు చెట్టు కొమ్మల్లా అల్లుకుని ఉంటాయి. కొమ్మ పేజీలు ఆకు పేజీలకు దారి చూపిస్తాయి, పద్దులుండేది ఆకుల్లో. వీటితో పాటు త్వరగా వెతకడానికి ఇండెక్స్ పేజీలుంటాయి. దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టే మీ అదృష్టం. ఎస్‌క్యూలైట్ ఇచ్చే ఉచిత ప్రోగ్రామ్‌తో కాపీని తెరిచి, ఫైలు లోపలంతా సరిగ్గా ఉందో లేదో చూసే ఇంటెగ్రిటీ చెక్ నడిపితే, బాగుంటే ఓకే అని ఒక్క మాట వస్తుంది, లేకపోతే తప్పుల చిట్టా వస్తుంది. ఇండెక్స్‌లో ఫలానా వరస కనిపించట్లేదన్న రకం తప్పులే ఉంటే ఊపిరి పీల్చుకోండి. పుస్తకం బాగానే ఉంది, వెనకున్న విషయసూచికే చిరిగింది. రీఇండెక్స్ కమాండ్‌తో అది మళ్లీ తయారవుతుంది.

డిస్క్ ఇమేజ్ మాల్‌ఫార్మ్‌డ్ అని వస్తే దెబ్బ లోతుగా ఉన్నట్టు. అప్పుడు వాడేది రికవర్ కమాండ్. 2019లో వచ్చిన ఎస్‌క్యూలైట్ 3.29 నుంచి ఇది ఉంది. అంతకుముందు అందరూ డంప్ వాడేవాళ్లు, ఇప్పటికీ చాలా సలహాలు అక్కడే ఆగిపోతాయి. డంప్ కొమ్మల వెంట నడుస్తుంది, కొమ్మ విరిగిన చోట దాని అవతలి ఆకులు దానికి అందవు. రికవర్ కొమ్మలను నమ్ముకోదు. ఫైలును పేజీ పేజీ తడుముతూ, పద్దులా కనిపించినదాన్నల్లా ఏరి, ఏ పట్టికకు చెందుతుందో పోల్చుకుని కొత్త ఫైల్లో రాస్తుంది. చెరిపేసిన పాత పద్దులు కూడా కొన్నిసార్లు లేచి వస్తాయి, కాస్త శుభ్రం చేసుకోవాల్సి ఉంటుంది.

ఇలా బయటపడిన కేటలాగ్‌ను సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ బాధ్యతగా తీసుకోవు. అది తెరుచుకున్నా దానిలోనే పని కొనసాగించొద్దు. కొత్త కేటలాగ్ ఒకటి పెట్టి, దానిలోకి ఇంపోర్ట్ చేసుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టండి. పాడైన అసలు కాపీని కొన్ని నెలల పాటు పారేయకండి. 'ఆ కలెక్షన్ ఏమైంది' అన్న ప్రశ్న సాధారణంగా ఆలస్యంగానే గుర్తొస్తుంది.

మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతి క్లుప్తంగా. డార్క్‌టేబుల్ మామూలుగానే ఫోటోల పక్కన ఎక్స్‌ఎంపీ రాస్తుంది, తన డేటాబేస్‌కు అప్పుడప్పుడు స్నాప్‌షాట్లు తీసుకుంటుంది. పాడైందని మొదట్లోనే గుర్తిస్తే దానికే తిరిగి వెళ్దామా అని అడుగుతుంది. నా దృష్టిలో ఈ విషయంలో అందరికన్నా బుద్ధిగా ఉన్నది అదే. మ్యాక్‌లో ఆపిల్ ఫోటోస్ అయితే ఆప్షన్, కమాండ్ రెండూ నొక్కి పట్టుకుని తెరిస్తే లైబ్రరీ రిపేర్ వస్తుంది. క్యాప్చర్ వన్‌లో కేటలాగ్‌కు బదులు ఒక్కో పనికి ఒక్కో సెషన్ పెట్టుకునే వీలుంది. ఒక సెషన్ పాడైతే పోయేది ఆ ఒక్క పనే.

రేపటి కోసం

లైట్‌రూమ్ బ్యాకప్ కిటికీలో మామూలుగా ఉండే చోటు కేటలాగ్ పక్కనే, అంటే అదే డిస్క్‌లో. డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. ఆ కిటికీలోనే చోటును ఇంకో డిస్క్‌కు మార్చండి, ఇంటెగ్రిటీ పరీక్షించే టిక్ ఎప్పుడూ పెట్టే ఉంచండి. ఎన్నాళ్లకోసారి అన్న చోట నేను 'మూసిన ప్రతిసారీ' అని పెట్టుకున్నాను. రోజూ పని చేయనివాళ్లకు వారానికోసారి చాలు. ఈ బ్యాకప్‌లో ఫోటోలు ఉండవన్న సంగతి మాత్రం మళ్లీ చెప్పాలి. బ్యాకప్ అవుతోంది కదా అని అసలు ఫోటోలను ఒక్క డిస్క్‌లోనే ఉంచుకున్నవాళ్లను చూశాను. వాటికి మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటికి దూరంగా అన్న పాత లెక్క విడిగా వర్తిస్తుంది.

పాత బ్యాకప్ జిప్‌లు గుట్టలుగా పెరుగుతాయి, నిజమే. అయినా తాజాది ఒక్కటే ఉంచుకుని మిగతావి తీసేయకండి. కరప్షన్ ఒక్కోసారి నెమ్మదిగా బయటపడుతుంది. నెల కిందట ఒక మూల చెడి, మీరు ఇవాళ ఆ ఫోల్డర్ తెరిస్తేనే తెలుస్తుంది. చివరి పది, వాటికి ముందు నెలకొకటి చొప్పున ఏడాదివి ఉంచితే సరిపోతుంది. సింక్‌ను బ్యాకప్ అనుకునేవాళ్లకు ఇదే సమాధానం. సింక్ చాలా నమ్మకస్తుడు. మంచిని ఎంత శ్రద్ధగా కాపీ చేస్తుందో చెడును కూడా అంతే శ్రద్ధగా కాపీ చేస్తుంది.

ఎక్స్‌ఎంపీ ఆటోమేటిక్‌గా రాయాలా వద్దా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. డిస్క్ మీద అదనపు రాత, కాస్త నెమ్మది అన్నది వద్దనేవాళ్ల మాట. డీఎన్‌జీ వాడేవాళ్లకు ఇంకో ఇబ్బంది: చిన్న నక్షత్రం పెట్టినా పెద్ద ఫైలు మారినట్టు లెక్కై, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దాన్ని మొత్తం మళ్లీ కాపీ చేస్తుంది. నేను ఆన్‌లోనే ఉంచుతాను. వద్దనుకుంటే రోజు చివర ఆ రోజు ఫోటోలన్నీ ఎంచుకుని విండోస్‌లో కంట్రోల్ ఎస్, మ్యాక్‌లో కమాండ్ ఎస్ కొట్టండి. కొన్ని సెకన్ల పని.

తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోవడం మానేశాను. రెండు నెలలకోసారి ఒక జిప్‌ను వేరే ఫోల్డర్‌లో విప్పి, తెరిచి, నాలుగు ఫోటోలు చూసి మూసేస్తాను. ఒకసారి అలా చూసినప్పుడే బ్యాకప్ డిస్క్ నిండిపోయి మూడు వారాలుగా సగం సగం జిప్‌లు పడుతున్నాయని తెలిసింది.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనే ఇప్పటికీ నా కేటలాగ్ ఉంది. రెండు కంప్యూటర్ల మధ్య తిప్పుకోవడానికి అదే సుఖం. పని అయ్యాక ప్రోగ్రామ్ మూసి, వెంటనే కేబుల్ దగ్గరికి వెళ్లను. కేటలాగ్ ఫోల్డర్ తెరిచి చూస్తాను. ప్రోగ్రామ్ సరిగ్గా మూసుకుంటే చిట్టాలోని పద్దులన్నీ అసలు పుస్తకంలోకి ఎక్కి వాల్ ఫైలు దానంతటదే మాయమవుతుంది. కొన్నిసార్లు అయిదారు సెకన్లు పడుతుంది. అది కనిపించకుండా పోయాకే డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి కేబుల్ తీస్తున్నాను.